సౌమ్య జాగ్రెబ్ నుంచి తిరిగొచ్చింది కదా, మరి మా అక్క బిడ్డని ఫుట్‌బాల్‌లనే ఉంచాల్నా?

ఇందూరు_మామ:

అందరికీ నమస్తే. మాది నిజామాబాద్ దగ్గర పల్లె. మా అక్క బిడ్డకి 15 ఏండ్లు, రైట్ వింగ్ ఆడుతది, మొన్ననే అండర్ 17 సెలెక్షన్స్‌కి పోయొచ్చింది. దానికి ఇండియా టీంల ఆడే గుగులోత్ సౌమ్య అంటే పానం. మా జిల్లా పిల్లనే కదా, 2022ల క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకి సైన్ చేసిందని తెలిసిన్నాడు ఇది ఊరంతా తిరిగి చెప్పింది, అప్పటి సంది నేను గూడ యూరప్‌ల ఆడతా అని ఒకటే మాట.

ఇప్పుడు టెన్త్ అయితుంది. మా బావ ఏమంటుండంటే సౌమ్య పోయింది మళ్ల వచ్చేసింది, స్కాట్లాండ్ పోయిన బాలాదేవి గూడ వచ్చేసింది, పోయినోళ్లందరు వాపస్ వస్తుండ్రంటే అక్కడ మనోళ్లకి నడవదన్నట్టే కదా, ఇంటర్‌ల ఎంపీసీ చేర్పించి ఆట బంద్ చేపిద్దాం అంటుండు. బావ చెడ్డోడు కాదు, బిడ్డ మీద భయంతోనే అంటుండు. నాకేమో ఏం జవాబు చెప్పాల్నో తెలుస్తలేదు. బయటి దేశం పోయి ఆడుడంటే అసలు ఎట్లుంటది, పైసలు వస్తయా, తిరిగొస్తే ఇగ అయిపోయినట్టేనా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

పాత_పీఈటీ:

తమ్మీ, తిరిగొచ్చుడు అంటే ఓడిపోవుడు అనే మాట ముందు మీ బావ మనసులకెల్లి తీసెయ్యాలె. నేను 22 ఏండ్లు పీఈటీగ చేసిన, ఆడపిల్లల టీంలు కూడా తిప్పిన, ఈ మాట నేను చానామంది తండ్రుల దగ్గర విన్న.

సౌమ్య తిరిగొచ్చినంక ఏమైందో చూడు. కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడింది, ఆ టీం 2024-25ల ఇండియన్ విమెన్స్ లీగ్ (ఐడబ్ల్యూఎల్) గెలిచింది, 2025ల ఏఐఎఫ్ఎఫ్, అంటే మన దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్, దేశం మొత్తం మీద ఉత్తమ మహిళా ప్లేయర్ అవార్డు ఎవరికిచ్చింది? సౌమ్యకే. జాగ్రెబ్ పోకముందు రాని అవార్డు, వచ్చినంక వచ్చింది. అదే ఏడాది జూన్, జూలైలల థాయ్‌లాండ్ చియాంగ్ మాయ్‌ల ఆసియా కప్ క్వాలిఫయర్స్ ఆడిన ఇండియా టీంల గూడ ఉన్నది, మంగోలియాని 13-0 కొట్టిన మ్యాచ్‌ల గోల్స్ చేసింది. ఆఖరి మ్యాచ్‌ల థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదనే 2-1తోని కొట్టినం, రెండు గోల్స్ సంగీతా బస్‌ఫోర్‌వే. క్వాలిఫయర్స్ ఆడి గెలిచి మన ఆడపిల్లలు ఆసియా కప్‌కి పోవుడు అదే మొదటిసారి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

2022 జనవరిల ఇదే ఆసియా కప్ మన నవీ ముంబైల పెట్టిండ్రు, చైనీస్ తైపీతోని మ్యాచ్ రోజు టీంల ఇంతమందికి కరోనా వచ్చింది, గ్రౌండ్‌లకు దిగనీకి 13 మంది గూడ లేరు, టోర్నీకెల్లే బయటికి వచ్చేసినం. సొంత దేశంల అట్ల ఆగిపోయిన పిల్లలు మూడున్నరేండ్లకి థాయ్‌లాండ్‌ల గెలిచిండ్రు, వాళ్లల్ల బయటి క్లబ్బులు చూసొచ్చినోళ్లు గూడ ఉన్నరు. బయట నేర్చింది ఏడికి పోతది, ఒంట్లనే ఉంటది కదా.

ఇంకో మాట. బయటి దేశపోళ్లతోని ఆడాలంటే యూరప్ క్లబ్బే ఉండాలని లేదు. ఇక్కడి లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్‌కి ఏషియా మహిళల ఛాంపియన్స్ లీగ్‌ల ఆడే ఛాన్స్ వచ్చింది. కోల్‌కతాల ఉండుకుంటనే ఆ తొవ్వ ఉన్నది.

గ్లాస్గో_కాకినాడ:

నేను ఎమ్మెస్ కోసం వచ్చి గ్లాస్గోలో సెటిల్ అయినవాడినండి, బాలాదేవి గురించి నాలుగు మాటలు చెప్తాను ఎందుకంటే ఆవిడ వచ్చి వెనక్కెళ్లిపోయింది అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు బాధేస్తుంది.

మణిపూర్ అమ్మాయి, మణిపూర్ పోలీసులో ఉద్యోగం, ఇండియాకి కెప్టెన్‌గా కూడా చేసింది. 2020 జనవరిలో ఇక్కడి గ్లాస్గో క్లబ్బు రేంజర్స్ వాళ్లు పద్దెనిమిది నెలల కాంట్రాక్టు ఇచ్చి 10 నంబరు జెర్సీ ఇచ్చారు, అంతకుముందే ఇక్కడికొచ్చి ట్రయల్స్ ఇచ్చింది. అప్పటికే ఆవిడకి 29 దాటి 30 వస్తోంది, అంటే మన దగ్గర ఆడపిల్లని ఇంకా ఆటలేంటి అనే వయసు. వచ్చిన రెండు నెలలకే కరోనా, లీగ్ ఆపేశారు. ఆ లాక్‌డౌన్ నెలలు ఇక్కడ ఎలా ఉన్నాయో నాకు తెలుసండి, చలికాలం వస్తే నాలుగింటికే చీకటి, మాట్లాడే మనిషి ఉండరు, స్కాటిష్ ఇంగ్లీష్ నాకే మొదట్లో సగం అర్థమయ్యేది కాదు, మరి ఎక్కడో ఇంఫాల్ దగ్గర పల్లె నుంచి వచ్చిన మనిషికి? 2020 డిసెంబరు 6న మదర్‌వెల్ మీద 9-0 గెలిచిన మ్యాచ్‌లో ఆవిడ గోల్ కొట్టింది. సైన్ చేసిన పది నెలల తరవాత. యూరప్ టాప్ లీగ్‌లో ఇండియా అమ్మాయి కొట్టిన మొదటి గోల్ అది. ఆ పది నెలలు ఓపిక పట్టడమే నాకు గోల్ కన్నా పెద్దగా అనిపిస్తుంది.

వీసా సంగతి కూడా చెప్పాలి. బ్రిటన్‌లో విదేశీ ప్లేయర్‌కి వర్క్ పర్మిట్ ఇచ్చేటప్పుడు వాళ్ల దేశం ఫిఫా ర్యాంకు ఎంత అని చూస్తారు, మన ర్యాంకు పైన లేదు కాబట్టి మన అమ్మాయికి ఆట ఎంత బాగా వచ్చినా తలుపు సగమే తెరుచుకుంటుంది. మనోళ్లు సైప్రస్, క్రొయేషియా, గ్రీస్ వైపు వెళ్లడానికి ఇదొక కారణం అనుకుంటాను.

అయితే చదువుకుంటూ వచ్చే దారి ఒకటుంది, మీ బావగారికి ఇది చెప్పండి. గోల్‌కీపర్ అదితి చౌహాన్ లఫ్‌బరో యూనివర్సిటీలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ చేస్తూ 2015లో లండన్ క్లబ్బు వెస్ట్‌హామ్ లేడీస్‌కి ఆడింది. మొదటి మ్యాచ్ 5-0 ఓడిపోయారు, అయినా ఆడుతూనే ఉంది. తరవాత ఐస్‌లాండ్‌లో కూడా ఆడి 2025లో రిటైర్ అయింది. చదువు మానితేనే ఆట అని ఎవరన్నారు?

అనంత_డిఫెండర్:

నేను అనంతపురంలో ఆడి పెరిగినదాన్ని, యూనివర్సిటీ వరకు సెంటర్ బ్యాక్ ఆడినాను. మోకాలు పోయింది. అందుకే అన్నా నేను చెప్పే మాటలు కొంచెం గట్టిగా ఉంటాయి, ఏమనుకోవద్దు.

మొదటిది వయసు. ఫిఫా రూలు ప్రకారం 18 నిండకుండా ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకి మారేదానికి కుదరదు, మినహాయింపులు ఉన్నాయి గానీ మీ పాపకి అవి వర్తించవు. కాబట్టి ఈ మూడేళ్లలో ఎవడన్నా వచ్చి నేను స్పెయిన్ పంపిస్తా జర్మనీ పంపిస్తా అంటే తలుపు వేసేయండి. నాకు 19 ఏళ్లప్పుడు ఒకాయన ట్రయల్స్ అని మా నాయన దగ్గర లక్షా ఇరవై వేలు తీసుకున్నాడు, వేరుశనక్కాయలు అమ్మిన డబ్బులు, ట్రయల్ లేదు ఏమీ లేదు, ఫోన్ తీయడం మానేశాడు. ఇప్పుడు ఏజెంట్‌కి ఫిఫా లైసెన్స్ ఉండాల, అడిగి చూడండి, చూపించకపోతే నమ్మొద్దు. సౌమ్య, ఆమెతో పాటు జాగ్రెబ్‌కి సైన్ చేసిన జ్యోతి చౌహాన్ ఇద్దరూ కోల్‌కతాలో పెట్టిన క్యాంప్‌లో ఆడి సెలెక్ట్ అయి జాగ్రెబ్ పోయినారు, అందరి ముందర ఆడి చూపించి పోయినారు.

రెండోది డబ్బు. మగపిల్లల ఫుట్‌బాల్ చూసి లెక్కలు వేసుకోవద్దు. యూరప్‌లో చిన్న లీగ్‌ల్లో ఆడే అమ్మాయిలు చానామందికి వచ్చే జీతం ఇల్లు తిండి వరకే సరిపోతుంది. ఇక్కడ ఐడబ్ల్యూఎల్‌లో క్లబ్బులు కనీసం పది మంది మన దేశపు ప్లేయర్లకి ఏడాదికి తక్కువలో తక్కువ 3.2 లక్షలు ఇవ్వాలని 2023లో ఏఐఎఫ్ఎఫ్ చెప్పింది. పెద్ద డబ్బు కాదు, నాకు తెలుసు. కానీ మా కాలంలో అదీ లేదన్నా, బూట్లు కూడా మేమే కొనుక్కునేవాళ్లం.

మూడోది మోకాలు. ఆడపిల్లలకి ఏసీఎల్, అంటే మోకాలి లోపలి లిగమెంట్, తెగడం మగపిల్లల కన్నా ఎక్కువ. దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి పోకుండా నేర్పించే వార్మప్ ఉంటుంది, ఫిఫా 11 ప్లస్ అంటారు, ఇరవై నిమిషాల పని. నాకు ఎవరూ నేర్పలేదు. మీ పాపకి ఈ రోజు నుంచే చేయించండి. ఇదొక్కటి చేయిస్తే చాలు, నేను రాసిన మిగతాదంతా మర్చిపోయినా పర్వాలేదు.

ఇంక మనీషా కల్యాణ్ సంగతి కూడా చెప్పాల. పంజాబ్ హోషియార్‌పూర్ పల్లె పిల్ల. 2021లో బ్రెజిల్ పోయి మనౌస్‌లో బ్రెజిల్ మీదే గోల్ కొట్టింది, 6-1 ఓడిపోయినాం గానీ ఆ ఒక్కటి ఆ పిల్లదే. మరుసటి ఏడాది సైప్రస్‌లో అపోలోన్ లేడీస్ క్లబ్బుకి పోయింది. 2022 ఆగస్టు గుర్తుందా, ఫిఫా మన ఫెడరేషన్‌ని సస్పెండ్ చేస్తే గోకులం కేరళ క్లబ్బు అమ్మాయిలు తాష్కెంట్ దాకా పోయి మ్యాచ్ ఆడకుండా వెనక్కి వచ్చినారు, ఏ తప్పూ చేయకుండా. సరిగ్గా అదే వారంలో, ఆగస్టు 18న, అదే గోకులం నుంచి పోయిన మనీషా యూరప్ మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో రీగా టీం మీద సబ్‌గా దిగింది, ఆ టోర్నీలో ఆడిన మొదటి ఇండియా ప్లేయర్. ఆ తర్వాత గ్రీస్‌లో పావోక్ క్లబ్బుకి పోయింది. బయట క్లబ్ ఉండటం ఎందుకు కావాలంటే ఇందుకే, ఇక్కడ ఆఫీసుల్లో ఏమి జరిగినా కాళ్లు ఆగవు.

ఇందూరు_మామ:

అక్కా, నీ మోకాలి సంగతి, మీ నాయన పైసల సంగతి చదివి మనసు కలుక్కుమన్నది. అందరివి బావకి చదివి వినిపించిన. పీఈటీ సార్ చెప్పిన అవార్డు సంగతి ఆయనకి అసలు తెల్వదు, రెండుసార్లు అడిగిండు నిజమేనా అని. గ్లాస్గో అన్న చెప్పిన లఫ్‌బరో పేరు కాయితం మీద రాసిపెట్టుకున్నడు. ఎంపీసీ బదులు సీఈసీ తీసుకుంటే పొద్దుగాల ప్రాక్టీస్‌కి టైం దొరుకుతదా అని నన్నే అడుగుతుండు ఇప్పుడు. ఇంకోటి, దేశానికి ఆడాలంటే క్లబ్బు పంపకపోతే ఎట్ల? పాప అడిగింది.

పాత_పీఈటీ:

ఫిఫా విండో అని ఉంటది తమ్మీ, ఆ రోజులల్ల దేశం పిలిస్తే క్లబ్బు పంపాల్సిందే. ఆ తేదీలు దాటి నెల రెండు నెలలు క్యాంపు పెడితే మాత్రం పంపాలని లేదు, అందుకే బయట ఆడేటోళ్లు ఒక్కోసారి క్యాంపు సగంల కలుస్తరు, ఇటు కోచ్‌కి అటు కోచ్‌కి ఇద్దరికీ జవాబు చెప్పుకోవాలె. అది తర్వాతి ముచ్చట.

ఇప్పుడైతే పాప బర్త్ సర్టిఫికెట్ల, ఆధార్‌ల, టెన్త్ మెమోల పేరు, పుట్టిన తేదీ ఒక్కతీరుగ ఉన్నయా చూడు, ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేపియ్యి. నా దగ్గర ఆడిన ఒక పిల్ల నేషనల్స్ ఏజ్ వెరిఫికేషన్ల ఇంటి పేరు స్పెల్లింగ్ తేడాతోని ఆగిపోయింది, బస్సుల కూసొని ఇంటిదాక ఏడ్చింది. ఆ తర్వాత పాస్‌పోర్టుకి అప్లై చెయ్యి. ఆదివారం పాపని తీసుకొని నిజామాబాద్ గ్రౌండ్‌కి రా, పొద్దుగాల ఆరింటికి నేను ఆడనే ఉంట, ఆ వార్మప్ నేను చేపిస్త.