పంచాంగంలో గురుడి స్ఫుటం చూసి టెలిస్కోప్ తిప్పడం ఎలా?

కొర్లగుంట మిద్దె:
మాది తిరుపతి. ఆరంగుళాల డాబ్సోనియన్ (చేత్తో పైకీ కిందికీ, పక్కలకీ తిప్పే టెలిస్కోప్) ఉంది, మోటారు లేదు. యాప్ చూడకుండా లెక్క నేనే వేసి యురేనస్‌ని పట్టాలని ఉంది. ముందు కంటికి కనిపించే గురుడితో సరిచూసుకుంటా. మా నాయన పంచాంగంలో రోజువారీ గ్రహస్ఫుటాలు, అంటే గ్రహం రాశిచక్రంలో ఏ డిగ్రీలో ఉందో చెప్పే అంకెలు, ఉన్నాయి. గురుడు మిథునం 20 డిగ్రీలు అని ఉంటే, దాన్ని ఆల్టిట్యూడ్ (దిగంతం నుంచి ఎత్తు), అజిముత్ (ఉత్తరం నుంచి తూర్పు మీదుగా కొలిచే దిక్కు) కోణాలుగా మార్చేదెలా? ఎక్సెల్ వచ్చు.

చిత్తూరు లెక్కల టీచర్:
మంచి పని మొదలుపెట్టారు. సైన్, కాస్ ఎందుకు సార్ అని పిల్లలు అడిగితే నేను చూపించేది ఈ లెక్కే.

ముందు ఆ పంచాంగం దృక్ పద్ధతిదేనా, అంటే ఆకాశంలో నిజంగా కనిపించే స్థానాలకు సరిపోయేదేనా చూడండి. పాత సిద్ధాంతాలతో గణించిందైతే టెలిస్కోప్‌కి పనికిరాదు. అందులో ఉండేది నిరయన స్ఫుటం (నక్షత్రాలను బట్టి కొలిచింది), మీకు కావాల్సింది సాయనం (వసంత విషువత్ బిందువు నుంచి కొలిచింది). మిథునం 20 అంటే మేషాది నుంచి 80. దానికి లాహిరి అయనాంశ (ఆ రెండు కొలతల మధ్య తేడా), ఇప్పుడు సుమారు 24.2, కలిపితే 104.2. ఇది మరిచిపోతే గురుణ్ణి వేరే రాశిలో వెతుకుతారు.

భూమి అక్షం వాలు 23.44తో దీన్ని మారిస్తే, ఆకాశంలో రేఖాంశం, అక్షాంశం లాంటివైన రైట్ అసెన్షన్ 7 గంటల 2 నిమిషాలు, డిక్లినేషన్ ఉత్తరం 22.7 వస్తాయి. శరం, అంటే సూర్యుడి దారి (క్రాంతివృత్తం) నుంచి గ్రహం పైకో కిందికో జరిగిన కోణం, సున్నా అనుకున్నాను. గురుడి పాతబిందువు (కక్ష్య ఆ దారి తలాన్ని దాటే చోటు) సాయనం 100 డిగ్రీల దగ్గరే ఉంది కాబట్టి ఇక్కడ ఫర్వాలేదు. శుక్రుడికి మాత్రం శరం వదలొద్దు, ఒక్కోసారి 8 డిగ్రీలు కూడా దాటుతుంది.

నక్షత్రకాలం (ఇప్పుడు మన మధ్యాహ్నరేఖ మీద ఉన్న రైట్ అసెన్షన్) యూటీసీ నుంచి, తిరుపతి రేఖాంశం 79.42తో కట్టండి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. దాన్నే స్థానిక కాలం అనుకుంటే 12 నిమిషాలు, అంటే ఆకాశంలో 3 డిగ్రీలు తప్పుతుంది. నక్షత్రకాలంలోంచి రైట్ అసెన్షన్ తీసేస్తే అవర్ యాంగిల్, అంటే గ్రహం మధ్యాహ్నరేఖ దాటి ఎంత దూరం వచ్చిందో చెప్పే కోణం. ఇక, తిరుపతి అక్షాంశం 13.63తో,

సైన్(ఆల్టిట్యూడ్) = సైన్ 13.63 × సైన్(డిక్లినేషన్) + కాస్ 13.63 × కాస్(డిక్లినేషన్) × కాస్(అవర్ యాంగిల్)

మనవైపు ఒక విశేషం ఉంది. 22.7 మన అక్షాంశం కంటే ఎక్కువ కాబట్టి, గురుడు నడినెత్తికి ఉత్తరంగా, తిరుమల కొండ వైపు నుంచి 81 డిగ్రీల ఎత్తులో దాటుతాడు. అప్పుడు అజిముత్ 180 కాదు, సున్నా. అజిముత్‌కి ఏటాన్2 (ఎక్స్, వై రెండూ చూసి సరైన దిక్కులో కోణం ఇచ్చే ఫంక్షన్) వాడండి. ఎక్సెల్‌లో దానికి ఎక్స్ ముందు, వై తర్వాత ఇవ్వాలి. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో అది తిరగబడి ఉంటుంది. కోణాలన్నీ రేడియన్లలోకి మార్చాలని వేరే చెప్పక్కర్లేదు.

మదనపల్లె నుంచి:
81 డిగ్రీల దగ్గర డాబ్సోనియన్‌ని తిప్పడం నరకం అన్నా. రెండు గంటలు ఆగండి. గురుడు 60 డిగ్రీలకు దిగుతాడు, అజిముత్ 292. ట్యూబ్‌కి అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ మీటర్ అంటిస్తే ఎత్తు పక్కాగా తెలుస్తుంది. దిక్కుకి ఫోన్ కంపాస్‌ని మాత్రం నమ్మొద్దు, స్లాబ్‌లో కమ్మీలు ఉంటాయి. సిరియస్ లాంటి నక్షత్రానికి ఇదే లెక్క వేసి, దాని మీద గురిపెట్టి, బేస్ మీది కోణాల చక్రాన్ని ఆ అంకెకి తిప్పి పెట్టుకోండి.

కొర్లగుంట మిద్దె:
షీట్‌లో 81, 60 రెండూ వచ్చాయి సార్! మరి మా పంచాంగంలో యురేనస్ లేదు. దాని స్ఫుటం ఎక్కడ దొరుకుతుంది?

చిత్తూరు లెక్కల టీచర్:
నాసా జేపీఎల్ వాళ్ల హొరైజన్స్ అనే గ్రహస్థానాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఆల్టిట్యూడ్, అజిముత్ కూడా ఇస్తుంది, కానీ వాటిని సరిచూసుకోవడానికే ఉంచుకోండి. స్ఫుటం కూడా మీరే కట్టాలనుకుంటే, 1800 నుంచి 2050 వరకు పనికొచ్చే కక్ష్యా అంకెల పట్టిక జేపీఎల్ సైట్‌లోనే ఉంది. అది సాయన పద్ధతిలోదే, అయనాంశ మళ్లీ కలపొద్దు. యురేనస్ ఏడాదికి 4 డిగ్రీలే జరుగుతుంది, శరం ఒక డిగ్రీ లోపే. ఫైండర్‌లో (టెలిస్కోప్ పక్కనుండే చిన్న గురి దుర్భిణిలో) తప్పకుండా పడుతుంది.