హెచ్‌ఐవీకి డ్రిప్ ఎక్కిస్తారట, నిజమేనా?

ప్రశ్న (వరంగల్ నుంచి):
మా బాబాయి పదకొండేళ్లుగా ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీకి మందులిచ్చే కేంద్రం) మందులే వాడుతున్నాడు. రోజుకో మాత్ర. రిపోర్టులో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) కనపడట్లేదు. అమెరికాలో రెండు వారాలకోసారి సెలైన్‌లో మందు ఎక్కిస్తారని ఎవరో చెప్పారట. "మాత్రలు మానేసి అదే పెట్టించుకుంటా, ఎంతైనా సరే" అని పట్టుబట్టాడు. టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (న్యూజెర్సీ నుంచి):
నాలుగేళ్లుగా నాకు ఎక్కిస్తున్నది అదే తమ్ముడూ. ట్రోగార్జో అంటారు, మందు పేరు ఇబాలిజుమాబ్. ఇక్కడ 2018 మార్చిలో అనుమతి వచ్చింది. వైరస్ సీడీ4 కణంలోకి, అంటే రోగనిరోధక శక్తినిచ్చే తెల్ల రక్తకణంలోకి, దూరకుండా గుమ్మంలోనే ఆపుతుంది.

ఇది మాత్రలకు బదులు కాదని ముందు బాబాయికి చెప్పు. నేను ఇప్పటికీ పొద్దునా రాత్రీ మాత్రలు మింగుతున్నాను. చాలా రకాల మందులకు లొంగని వైరస్ ఉన్నవాళ్లకే ఇది ఇస్తారు. నాకు జబ్బు బయటపడింది 1997లో. కొత్త మందు వచ్చినప్పుడల్లా ఒకటి మార్చేవాళ్లు, వాంతులకు భయపడి నేనూ మధ్యలో మానేసేవాణ్ణి. ఒక్కోటీ పనిచేయడం ఆగిపోయింది. ఆ తప్పులో సగం నాదే.

మొదటి రోజు 2000 మిల్లీగ్రాములు, అరగంట పట్టింది. రియాక్షన్ వస్తుందేమోనని గంటసేపు కదలనివ్వలేదు. తర్వాత 14 రోజులకోసారి 800, పావుగంట. 2022లో సెలైన్ లేకుండా సిరంజితోనే నరంలోకి అర నిమిషంలో ఇచ్చే పద్ధతికీ అనుమతి వచ్చింది, ఇప్పుడు నాకు అలాగే ఇస్తున్నారు. మొదట్లో విరేచనాలు, కాస్త కళ్లు తిరగడం ఉండేవి.

అసలు కష్టం తేదీ. మా అమ్మ పోయినప్పుడు పెద్దకర్మ చేసి తిరిగొచ్చేసరికి గడువు దాటి నాలుగు రోజులైంది. మూడు రోజులు దాటితే మళ్లీ 2000తో మొదలుపెట్టాలి. నర్సు ఒక్క మాట అనలేదు, నాకే ఏడుపొచ్చింది.

జవాబు (గుంటూరు, ఏఆర్‌టీ కౌన్సెలర్‌గా చేశాను):
వైరల్ లోడ్ కనపడట్లేదంటే ఆ మాత్ర బ్రహ్మాండంగా పనిచేస్తోందండీ. మానేస్తే కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది. మాత్రలకు బదులుగా రెండు నెలలకోసారి పిరుదుల్లో వేసే కాబెనువా ఇంజెక్షన్లు వేరే ఉన్నాయి. అవి కండకు వేసేవి, డ్రిప్ కాదు. ఆ సంగతి ఏదైనా సెంటర్ డాక్టరునే అడగండి, లేదా 1097కి ఫోన్ చేయండి, ఉచితం.

"ఎంతైనా సరే" అన్నారు చూడండి, అక్కడ నాకు అనుమానం. ఎవరైనా డబ్బు అడిగారా?

మళ్లీ వరంగల్ నుంచి:
అడిగాను మేడమ్. ఊళ్లో ఆర్‌ఎంపీ పది సీసాల కోర్సు అన్నాడట, అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. మాత్రల డబ్బా చూశాను, ఆరు రోజులవి అలాగే ఉన్నాయి. రేపు పొద్దున్నే సెంటర్‌కి తీసుకెళ్తున్నా. న్యూజెర్సీ అన్న రాసింది చదివి వినిపిస్తే, "ఆయనా మాత్రలు మింగుతున్నాడా?" అని బాబాయి రెండుసార్లు అడిగాడు.