తీసేద్దామంటే మీటే లేని ఎక్స్‌టెన్షన్

ప్రశ్న:
మొన్న వీడియోలు కత్తిరించడానికి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. చదవకుండా ‘తర్వాత’, ‘తర్వాత’ అని నొక్కుకుంటూ పోయాను, తప్పు నాదే. అప్పటి నుంచి క్రోమ్‌లో ఏది వెతికినా ముక్కూ మొహం తెలియని పేజీ తెరుచుకుంటోంది. ఎక్స్‌టెన్షన్ల (క్రోమ్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాముల) పేజీలో కొత్తగా చేరినదానికి ‘తొలగించు’ మీటే లేదు. పైగా మెనూ అడుగున ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అని ఉంది. నేనొక్కడినే వాడుకునే కంప్యూటర్‌కు సంస్థ ఎక్కడిది?

జవాబు 1:
సెట్టింగ్స్‌లో రీసెట్ చేసి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
రెండుసార్లు చేశాను. కదల్లేదు.

జవాబు 2:
ఆ ‘సంస్థ’ మాటలోనే గుట్టు ఉంది. ఆఫీసులు తమ కంప్యూటర్లలో క్రోమ్‌ను అదుపు చేసేందుకు పెట్టిన పాలసీ సదుపాయాన్ని ఈ దొంగ సరుకు వాడుకుంటుంది. అందుకే రీసెట్‌కు లొంగదు. ముందు కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాములను తేదీల వరుసలో పెట్టి, ఆ రోజు వచ్చినవాటిలో మీకు తెలియనివి తీసేయండి. తర్వాత రిజిస్ట్రీ ఎడిటర్‌లో (విండోస్ లోపలి సెట్టింగులను మార్చే సాధనం) హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరకు వెళ్లండి. ‘ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్’లో, అంటే బలవంతంగా ఎక్కించే ఎక్స్‌టెన్షన్ల జాబితాలో, 32 అక్షరాల గుర్తింపు (ఐడీ) కనిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్ల పేజీలోని గుర్తింపుతో సరిపోతేనే ఆ పద్దు చెరపండి. ముందుగా రిజిస్ట్రీ ప్రతి ఒకటి దాచుకోవడం మరవకండి. ఆఫీసు కంప్యూటరైతే మాత్రం చెయ్యి పెట్టవద్దు.

ప్రశ్న అడిగినవారు:
పోయింది! కానీ క్రోమ్ తెరవగానే ఆ పాత పేజీ ఇంకా పలకరిస్తోంది.

జవాబు 2:
డెస్క్‌టాప్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ గడి చివర చూడండి. ‘క్రోమ్ డాట్ ఈఎక్స్‌ఈ’ తర్వాత ఏదైనా వెబ్ చిరునామా అతికించి ఉందా?

ప్రశ్న అడిగినవారు:
ఉంది. టాస్క్‌బార్‌లోని షార్ట్‌కట్‌కు కూడా తగిలించాడు, మహానుభావుడు. రెండు చోట్లా ఆ చిరునామా చెరిపేశాను.