పాత బోర్డు గేమ్‌లో పోయిన ముక్క స్థానంలో కొత్తది పెట్టొచ్చా?

పచ్చపావు:
హత్య ఎవరు, ఏ ఆయుధంతో, ఏ గదిలో చేశారో కనిపెట్టే ఆట క్లూడో. చిన్నప్పుడు మేం ఆడిన దాని ఎడిషనే ఒకటి ఇన్నేళ్ళకి దొరికింది. డబ్బా మూలలు విడిపోయాయి గానీ బోర్డు చెక్కుచెదరలేదు. లేనివి రెండే, ఆయుధాల్లో తాడు, ఒక గది కార్డు. తర్వాత వచ్చిన ఎడిషన్ ఇంకోటి తీసుకుని అందులోవి వేసేద్దామనుకుంటే, పాత ఆటలు సేకరించే స్నేహితుడు ససేమిరా వద్దన్నారు. ఏ ఏటి డబ్బాలో ఆ ఏటి ముక్కలే ఉండాలట, దొరకనివి ఖాళీగా వదిలేయాలట. నాకైతే ఆట అన్నాక ఆడాలి. మళ్ళీ నలుగురం చుట్టూ కూర్చోవాలనే కదా వెతుక్కుని తెచ్చుకున్నది! మీరేమంటారు?

గళ్ళబోర్డు:
మీ స్నేహితుడి పక్షమే నేను. పాత సెట్ దాని కాలానికి సాక్ష్యం. రెండో ప్రపంచ యుద్ధంలో లోహానికి కరువొచ్చి మోనోపొలీ సెట్లలో చెక్క పావులు వేశారు. అందులో ఒకటి పోయిందని ఎవరో మంచి మనసుతోనే మెరిసే లోహపు కారు తెచ్చి పెడతారు. కొన్నాళ్ళకి ఇంకొకరు మిగతావీ మార్చేస్తారు. ఆఖరికి అది యుద్ధకాలపు సెట్ అని చెప్పే ఆనవాలే ఉండదు. ఖాళీని ఖాళీగా ఉంచితే కనీసం ఏం పోయిందో తెలుస్తుంది.

ఏడక్షరాలు:
ఇద్దరూ బొమ్మ గురించే వాదిస్తున్నారు. చిక్కంతా కార్డు దగ్గరుంది. తాడు లేకపోయినా క్లూడో ఆగదు, ఒక దారం ముక్క పెట్టుకుంటే చాలు. కార్డు అలా కాదు. అనుమానితులు 6, ఆయుధాలు 6, గదులు 9, మొత్తం 21 కార్డులు. వాటిలో రకానికొకటి చొప్పున 3 ఎవరూ చూడకుండా కవర్లోకి వెళ్తాయి, అదే కనిపెట్టాల్సిన జవాబు. ఒక గది కార్డు లేదంటే ఆ గదిలో హత్య జరిగే అవకాశమే లేదు. పోనీ అని వేరే ఎడిషన్ కార్డు కలిపారనుకోండి, దాని వెనకవైపు డిజైనో, రంగో, కనీసం మెరుపో తేడాగా ఉంటుంది. అది ఎవరి చేతికెళ్ళిందో పంచేటప్పుడే అందరూ చూసేస్తారు. ఇంక కనిపెట్టడానికి ఏముంది?

అక్షరాల బిళ్ళలతో పదాలు కూర్చే స్క్రాబుల్‌లోనూ ఇదే గొడవ. 100 బిళ్ళల్లో ఒకటి పోతే ఇంకో సెట్లోంచి తెచ్చి వేస్తారు. చూడ్డానికి ఒకేలా ఉంటుంది గానీ అంచు కాస్త నున్నగానో, మందం వెంట్రుకవాసి ఎక్కువగానో ఉంటుంది. సంచిలో చెయ్యి పెట్టగానే వేళ్ళకి దొరికిపోతుంది. పోయింది ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్ళయితే మరీ అన్యాయం, సెట్ మొత్తానికి అవి రెండే.

అందుకని నేను చూసేది ఒకటే: ఆ ముక్క ఆటలో బయటికి కనబడుతూ ఉండేదా, దాగి ఉండాల్సిందా? కనబడేదైతే ఏది పెట్టినా ఆట చెడదు. దాగేదైతే ఒక్కటే మార్చకండి, కట్ట మొత్తం మార్చండి. 21 కార్డులూ స్కాన్ చేసి ఒకే రకం అట్ట మీద ప్రింట్ తీయించుకుంటే దాంతో ఆడుకోవచ్చు. అసలు కట్ట అరగకుండా ఉంటుంది, గళ్ళబోర్డు గారి సాక్ష్యమూ పదిలం.

పాచికల పెట్టె:
ఒక మాట. తొలినాటి క్లూడో సెట్లలో ఆయుధాల్లో ఒకటైన సీసపు గొట్టాన్ని నిజంగా సీసంతోనే చేసేవారు. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పిల్లలు ఆటలో ఉంటే దాన్ని పక్కన పెట్టి వేరేది వాడి తీరాలి. ఇక్కడ చరిత్ర కంటే వాళ్ళ ఆరోగ్యమే ముఖ్యం.

ఇంకోటి, 1965లో వచ్చిన ఆపరేషన్ ఆటలో, అంటే రోగి బొమ్మకి శస్త్రచికిత్స చేసే ఆటలో, ఆ బొమ్మ మోకాలి నుంచి చీలమండకి తగిలించే రబ్బరు బ్యాండ్ ఉంటుంది. రబ్బరు ఏళ్ళు గడిస్తే పెళుసెక్కి తునిగిపోతుంది. దాన్ని మార్చకూడదని ఎవరంటారు?

గళ్ళబోర్డు:
రబ్బరు బ్యాండ్, బ్యాటరీ లాంటి అరిగేవాటి గురించి నాకూ పేచీ లేదు. ప్రింట్ కట్ట ఆలోచన కూడా బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ప్రతి కార్డు మీదా ఒక మూల ‘నకలు’ అని ఉండాలి. డబ్బాలో ఏది ఎప్పుడు చేర్చారో పెన్సిల్‌తో ఒక కాగితం మీద రాసి పెట్టాలి. మీరు నిజాయితీపరులే, మీ తర్వాత ఆ డబ్బా ఎవరి చేతికి వెళ్తుందో ఎవరికి తెలుసు? పూర్తి ఒరిజినల్ సెట్ అని అమ్మేవాళ్ళూ ఉంటారు.

డబ్బా మూలలకి మాత్రం దయచేసి సెలోటేప్ వేయకండి. దాని జిగురు కొన్నేళ్ళకి పచ్చబడి అట్టలోకి ఇంకుతుంది. టేప్ రాలిపోయినా మరక ఉండిపోతుంది. లోపలివైపు నుంచి పలచని కాగితం పట్టీ వేసి, గోధుమ గంజితో చేసిన జిగురు పలచగా పూసి అతికించండి. రేపు అవసరమైతే కాస్త తడి తగిలిస్తే ఊడివస్తుంది. ఎంత చేసినా తాడు విషయంలో నా మాట నాదే. వేరే ఎడిషన్ తాడు ఆ డబ్బాలో ఉండకూడదు.

పచ్చపావు:
తాడు వేస్తాను, కాగితం మీద రాసి వేస్తాను. అక్కడ మనకి కుదరదు. కార్డులు మాత్రం మీరంతా చెప్పినట్టే ‘నకలు’ గుర్తుతో ప్రింట్ తీయిస్తున్నాను. పోయింది లైబ్రరీ కార్డు. ఇదే ఎడిషన్ ఉన్నవాళ్ళెవరైనా దాన్ని స్కాన్ చేసి పంపగలరా? వెనకవైపు మిగతా కార్డులదే సరిపోతుంది, ముందువైపు చాలు.