పెరట్లో అమ్మానాన్నలకు చిన్న ఇల్లు: సలహా చెప్పగలరా?

ఉప్పల్‌లో మాది 300 గజాల స్థలం. ఇంటి వెనుక ఖాళీలో అమ్మానాన్నలకు ఒక గది, వంటగది, స్నానాలగది వేయాలనుకుంటున్నాం. నాన్నకు మోకాళ్ల నొప్పులు. మేడ మీది వాటా అంటే ససేమిరా అంటున్నారు. అమ్మ షరతు ఒక్కటే, తులసికోట కదలకూడదు.

చిక్కంతా గుమ్మం దగ్గరే. చక్రాల కుర్చీకి అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు కావాలి. వానకు నీళ్లు నిలిచే వీధి కనుక పునాది రెండడుగులైనా లేపాలి. అంటే 24 అడుగుల వాలు, పెరడంతా దానికే సరి! మలుపు తిప్పి కట్టినవారు ఉన్నారా? ఎంత చోటు పట్టింది?

మేస్త్రీ ప్రహరీకి ఆనించి కట్టేద్దామంటున్నాడు, నాకు ధైర్యం చాలడం లేదు. పాత ఇంటికి జీహెచ్‌ఎంసీ అనుమతి ఉంది. అదే స్థలంలో రెండో కట్టడానికి సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) ఎలా లెక్కిస్తారు?