డిజిటల్ అరెస్టులో డబ్బు పోగొట్టుకున్నవాళ్లది గుడ్డి నమ్మకమా, భయమా?

కృష్ణాతీరం: పోలీసులమంటూ దొంగలు ఫోను చేసి పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయన్నారు, వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా చూపించారు, కెమెరా ముందు నుంచి లేవవద్దన్నారు, అదే డిజిటల్ అరెస్టట. మా నాన్నగారు రాత్రంతా లేవలేదు. తెల్లవారాక ఫిక్స్‌డ్ డిపాజిట్ విడిపించి పంపేశారు. ఫోనులో అరెస్టు చేయడమన్నది చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధాని కూడా రేడియోలో చెప్పారు. చదువుకున్న మనిషి ఇంత తేలిగ్గా నమ్మితే ఏమనాలి?

పెన్షన్‌దారు: అది నమ్మకం కాదు, భయం.

సందేహాలరాయుడు: 1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని జనం చెంచాలు పట్టుకుని గుళ్ల ముందు బారులు తీరారు. అక్కడ ఎవరు భయపెట్టారు? తలతన్యత, అంటే ద్రవం పైపొరలో ఉండే బిగువు వల్ల పాలు విగ్రహం మీదుగా కిందికి జారుతున్నాయని శాస్త్రవేత్తలు రంగు కలిపి మరీ చూపించారు.

నల్లమల: తలతన్యత ఒక్కటే కాదు, సన్నని సందుల్లోకి ద్రవం తనంతట తానే పాకే కేశనాళిక చర్య కూడా.

పెన్షన్‌దారు: చెంచాడు పాలతో ఎవరి కొంపా మునగలేదు. ఆ గొడవ ఇక్కడెందుకు?

సందేహాలరాయుడు: కేశనాళిక చర్య అంటే విగ్రహంలో సన్నని రంధ్రాలు ఉండాలి కదా. ఇత్తడి విగ్రహం సంగతేమిటి?

కృష్ణాతీరం: విషయానికి రండి. అరెస్టు చేసే అధికారి పేరు కనిపించే గుర్తింపు ధరించాలి, అరెస్టు పత్రం రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

పెన్షన్‌దారు: ఎవరికైనా చెబితే వాళ్లనూ కేసులో ఇరికిస్తామంటారు. ఆలోచించుకునే వ్యవధి ఇవ్వరు, పక్క మనిషితో మాట్లాడనివ్వరు. వాళ్ల పనితనమంతా అక్కడే ఉంది. వర్ధమాన్ సంస్థ అధిపతి ఎస్.పి. ఓస్వాల్‌కు 2024లో ఏకంగా సుప్రీంకోర్టు విచారణే నటించి చూపి 7 కోట్లు లాగారు. అంత వ్యాపారం నడిపిన మనిషి అమాయకుడా?

కృష్ణాతీరం: ఆయనకు 7 కోట్లు పోయినా ఇల్లు గడుస్తుంది. మాది చెల్లి పెళ్లికి దాచిన డబ్బు. అందుకే పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు నా దగ్గర పెట్టుకున్నాను. ఇప్పుడు ఏం కావాలన్నా నన్నే అడగాలి.

పెన్షన్‌దారు: ఇదీ అసలు సంగతి! నేను ఒక్క రూపాయి కూడా పోగొట్టుకోలేదు. పేపర్లో ఇలాంటి వార్త చదివి మా అబ్బాయి నా కార్డు తీసేసుకున్నాడు, "మీరు ఎవరినైనా నమ్మేస్తారు నాన్నా" అంటూ. ట్రెజరీలో ఒక్క దొంగ బిల్లు దాటనివ్వని వాణ్ణి నేను. తండ్రికి అమాయకుడని పేరు పెడితే చాలు, పెత్తనం చేతికి వస్తుంది మీకు.

కృష్ణాతీరం: నోరు జారకండి. మిగిలింది కూడా పోతే ఆయన మందులు మీరు కొంటారా?

పెన్షన్‌దారు: డిపాజిట్లు ఇద్దరి సంతకాలతోనే తీసేలా పెట్టుకోండి. నెల ఖర్చుల ఖాతా ఆయనకు వదిలేయండి. పెద్దమనిషిని మైనరును చేయకండి.

నల్లమల: ఇప్పుడే డబ్బు పంపినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

కృష్ణాతీరం: రెండు సంతకాలంటే సరే. కానీ ఆ దొంగలు మళ్లీ ఫోను చేస్తే ఆయన నాకు చెబుతారా?

పెన్షన్‌దారు: కార్డు లాక్కున్న కొడుక్కా?