అప్‌డేట్: అమ్మను కెఫే లీనాకి తీసుకెళ్ళాను

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని సరటోగా స్ప్రింగ్స్‌లో, కెఫే లీనా అనే చిన్న పాటల హాల్లో ఫోక్ సింగర్ ప్రోగ్రామ్ ఉంది, ఖమ్మం నుంచి వచ్చిన అమ్మకి ఇంగ్లీషు పాటలు అర్థం కావు, పైగా మోకాళ్ళ నొప్పులు, తీసుకెళ్ళొచ్చా అని అడిగాను కదా. వెళ్ళొచ్చాం.

హాలు మేడ మీదే, కానీ లిఫ్ట్ ఉంది. సీట్లు 110 దాకా ఉంటాయేమో, అంతే. 1960లో లీనా స్పెన్సర్ దంపతులు పెట్టిన చోటు. మరుసటి ఏడే అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ ఇక్కడ పాడాడు. ఇదంతా చెబితే అమ్మ "సరేలే, కాఫీలో చక్కెర వేశావా" అంది.

ముందు టేబుల్ తీసుకోమన్నవాళ్ళకి దండం. ఆ సింగర్ వేళ్ళు మూడు బారల దూరంలో కనిపించాయి. బొటనవేలు లావు తీగ మీద తాళం వేస్తుంటే, మిగతా వేళ్ళు సన్న తీగల మీద పాట నడిపిస్తున్నాయి. ఒక్క గిటారే, ఇద్దరు వాయిస్తున్నట్టుంది. ప్రతి పాటకీ ముందు తీగలు బిగించుకుంటూ, ఆ పాట ఎలా పుట్టిందో చెబుతూ నవ్వించేది. నేను చెవిలో తెలుగు చేయబోతే అమ్మ చెయ్యి నొక్కింది. "ఊరుకో, బుర్రకథలో పిట్టకథ లాంటిదేగా!"

ఆ సింగర్ వాళ్ళ నాన్న మీద రాసుకున్న పాటకి మాత్రం అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎవరి గురించో నేను చెప్పనేలేదు.

వచ్చే నెల టికెట్లు రెండు కొన్నాను.